ఎడమవైపు నిలబడ్డవాళ్లు

మా ఒంగోలు వైపు క్రైస్తవ కుటుంబాల్లో ఎవరైనా పోతే, సమాధి అయిన కొద్దిరోజులకు ఆదరణ కూటం పెడతారు. పాట, ప్రార్థన, వాక్యం అయ్యాక బంధువులూ ఇరుగుపొరుగూ లేచి పోయినవారి గురించి నాలుగు మాటలు చెబుతారు. అందులో ఒక మెచ్చుకోలు దాదాపు ప్రతి కూటంలోనూ వినిపిస్తుంది. "ఎవరి జోలికీ పోయే మనిషి కాదండీ. తన ఇల్లు, తన పని, తన గుడి. ఒకరిని పల్లెత్తు మాట అని ఎరగడు." వింటున్నవాళ్లు తలలూపుతారు. కొంగుతో కళ్లు తుడుచుకునేవాళ్లూ ఉంటారు. ఆ మాటలో అబద్ధం ఉండదు. గట్టు తగాదాలూ పార్టీ కక్షలూ నడిచే ఊళ్లలో అరవై డెబ్భై ఏళ్లు ఎవరికీ కీడు చేయకుండా బతకడం తేలిక కాదు. అయినా అది విన్నప్పుడల్లా నాకు మత్తయి సువార్త 25వ అధ్యాయం గుర్తొచ్చి లోపల ఎక్కడో కలుక్కుమంటుంది.

ఆ అధ్యాయం చివర తీర్పు జరుగుతుంది. గొర్రెల కాపరి మందను వేరుచేసినట్టు రాజు జనాన్ని కుడికీ ఎడమకీ నిలబెడతాడు. ఎడమవైపు నిలబడ్డవాళ్ల మీద మోపిన నేరాలేమిటో ఒక్కసారి నెమ్మదిగా చదవండి. హత్య లేదు, దొంగతనం లేదు, వ్యభిచారం లేదు, కూటసాక్ష్యం లేదు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టలేదు. దాహంతో ఉన్నవాడికి నీళ్లివ్వలేదు. పరదేశిని ఇంట్లోకి రానివ్వలేదు. బట్ట లేనివాడికి బట్ట ఇవ్వలేదు. రోగంతో పడున్నవాణ్ణీ చెరసాలలో ఉన్నవాణ్ణీ చూడబోలేదు. అంతే, అభియోగం అక్కడితో అయిపోతుంది. నిందితులు నిజంగా ఆశ్చర్యపోతారు. ఎప్పుడు చూశాం ప్రభూ, ఎప్పుడు కాదన్నాం అని అడుగుతారు. వాళ్లు బుకాయిస్తున్నారని నేననుకోను. ఎంత వెతికినా వాళ్ల జ్ఞాపకాల్లో ఎవరినీ తరిమికొట్టిన సంఘటన దొరకదు. వాళ్లు చేసిందేదీ లేదు కాబట్టి గుర్తుపెట్టుకోవడానికీ ఏమీ లేదు.

ఒకసారి ఇది కంట్లో పడ్డాక సువార్తల్లో ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది. లూకా 16లో ధనవంతుడు లాజరును కొట్టించాడని లేదు, కుక్కల్ని ఉసిగొల్పాడని లేదు. ఆ బిచ్చగాడు ఆ వాకిట్లోనే పడి ఉన్నాడంటే, పడి ఉండనిచ్చారనే కదా అర్థం. మన లెక్కలో ఆ ఇంటాయన సహనశీలి కూడా! తలాంతుల కథలో మూడో సేవకుడు యజమాని సొమ్ము తినలేదు, తాగలేదు, జూదమాడలేదు. భద్రంగా పాతిపెట్టి చిల్లిగవ్వ తేడా లేకుండా తిరిగి అప్పగించాడు. యెరికో దారిలో యాజకుడు గానీ లేవీయుడు గానీ దెబ్బలు తిన్నవాణ్ణి ఇంకో దెబ్బ కొట్టలేదు. కొట్టిన దొంగలు కథ మొదట్లోనే తప్పుకుంటారు, వాళ్లకు తర్వాత ఏమైందో ప్రభువు చెప్పడు. కథంతా దారి పక్కనుంచి వెళ్లిపోయినవాళ్ల మీదే నిలుస్తుంది. అంటే దోపిడీ చేసేవాళ్లను ఆయన వదిలిపెట్టాడని కాదు. విధవల ఇళ్లు మింగే శాస్త్రుల్ని అందరి ముందూ నిలదీశాడు. కానీ కూర్చోబెట్టి కథ చెప్పినప్పుడు మాత్రం ఎక్కువసార్లు బోనెక్కించింది ఎవరి జోలికీ పోని పెద్దమనుషుల్నే. ఎందుకంటే ఎదురుగా కూర్చుని వింటున్నది వాళ్లే. ఈరోజు ఆదివారం ఆరాధనలో కూర్చుంటున్నదీ వాళ్లే, మనమే.

మన సంఘాల్లో ఫలానా మనిషి మారాడని ఎలా తెలుస్తుందని అడగండి. తాగుడు మానేశాడంటారు. బీడీ ముట్టడంలేదు, పేకాట లేదు, సినిమా లేదు అంటారు. కొన్ని సంఘాల్లో నగలు తీసేయడం కూడా ఆ జాబితాలో ఉంటుంది. వీటిని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. భర్త సారా మానేశాక ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగిందని సాక్ష్యం చెప్పే తల్లి గొంతు విన్నవాళ్లెవరూ తేలిక చేయలేరు. ఆమె పిల్లలకు ఆ మానేయడమే అన్నం. అయితే మానుకోవడంతో ఆగిపోయిన మనిషి గురించి ప్రభువు ఒక మాట చెప్పాడు. దయ్యం వదిలిపోయిన ఇల్లు ఊడ్చి, అలంకరించి, ఖాళీగా ఉంటుంది. వెళ్లింది ఇంకో ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొస్తుంది. తాగుడు వదిలిన చోట గర్వం వచ్చి కూర్చున్న ఇళ్లను నేను చూశాను. తాగేవాళ్లను చూసి అసహ్యించుకోవడమే భక్తిగా బతికే ఇళ్లవి.

ఇక్కడ మన బాప్టిస్టు, లూథరన్ పెద్దలు ఒక అభ్యంతరం చెబుతారు. క్రియల వల్ల రక్షణ లేదు, కృప వల్లనే అంటారు. నిజం, నేనూ అదే నమ్ముతాను. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం 8, 9 వచనాలు మా సండే స్కూల్లో కంఠతా పట్టించారు. కృపచేత, విశ్వాసం ద్వారా, క్రియల వల్ల కాదు, ఎవరూ అతిశయపడకూడదు. అక్కడితో ఆపి బహుమతి ఇచ్చేవారు. పదో వచనం దాకా ఎందుకు వెళ్లలేదో పెద్దయ్యాక గానీ ఆలోచించలేదు. సత్క్రియలు చేయడానికే దేవుడు మనల్ని సృష్టించాడనీ, ఆ క్రియల్ని ముందుగానే సిద్ధపరచి ఉంచాడనీ పౌలు అదే ఊపిరిలో అంటాడు. క్రియల గురించే గట్టిగా మాట్లాడే యాకోబు పత్రిక మీద మార్టిన్ లూథరుకే అంత నమ్మకం ఉండేది కాదు. 1522లో తన కొత్త నిబంధనకు రాసిన ముందుమాటలో దాన్ని గడ్డిపరకల పత్రికన్నాడు. లూథరు మీద ఎంత గౌరవమున్నా ఆ విషయంలో నేను యాకోబు పక్షమే. బట్టలూ తిండీ లేని సహోదరుడికి వెచ్చగా ఉండు, తృప్తిగా తిను అని చెప్పి పంపేస్తే ఏం లాభమని యాకోబు అడిగిన ప్రశ్నకు, "మీ విషయం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటాం" అనే మన అలవాటు మాట జవాబు కాలేదు.

ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలోని పాపపు ఒప్పుకోలులో ఒక క్రమం ఉంది. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడ్డప్పుడు అందులో కలిసిన ధారల్లో ఆ ఆంగ్లికన్ ఆరాధన పద్ధతి ఒకటి. ఆ ఒప్పుకోలులో చేయాల్సినవి చేయకుండా వదిలేశామన్నది ముందొస్తుంది. చేయకూడనివి చేశామన్నది దాని తర్వాత. పదహారో శతాబ్దంలో ఆ వరస పెట్టినవాళ్లు బాగా ఆలోచించే పెట్టారనుకుంటాను. చేసిన తప్పుకు సాక్షులుంటారు, దెబ్బ తిన్నవాడు తిరిగొచ్చి అడుగుతాడు. చేయని మేలుకు సాక్షులుండరు. మనం వెళ్లని ఇంట్లో ఏం జరిగిందో మనకు ఎప్పటికీ తెలియదు.

యెరికో దారిలో దెబ్బలు తిన్నవాణ్ణి ఆదుకున్న సమరయుడి సంగతి కాస్త వివరంగా చూడాలి. ఆయన జాలిపడ్డాడని అందరం చెప్పుకుంటాం. బహుశా యాజకుడూ జాలిపడే ఉంటాడు. తేడా అంతా ఆ తర్వాత వచ్చిన పనుల్లోనే ఉంది. దగ్గరకు వెళ్లాడు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడు. కట్లు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించాడు, అంటే మిగతా దారి తను నడిచాడు. పూటకూళ్ల ఇంటికి చేర్చి ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చాడు. ఆ రోజుల్లో అది ఒక కూలివాడి రెండు రోజుల సంపాదన. పైన ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానని మాటిచ్చి, తన పని మీద తను వెళ్లాడు. ఇందులో పెద్ద త్యాగం, ప్రాణార్పణ లాంటిదేదీ కనిపించదు. గాయానికి ఏం పోయాలో తెలుసు, ఆ దారిలో బస ఎక్కడుందో తెలుసు, ఆ ఇంటి యజమానితో లెక్క మాట్లాడడం తెలుసు. కీడు చేయకుండా ఊరుకోవడానికి ఏ విద్యా అక్కర్లేదు. మేలు చేయాలంటే మాత్రం పని తెలిసి ఉండాలి.

ఈ మాట అనుకున్నప్పుడు నాకు మా ఊరి చరిత్రలోనే ఒక మనిషి కళ్లముందు నిలబడతాడు. జాన్ ఎవెరెట్ క్లవ్ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1866లో ఒంగోలు వచ్చాడు. బోధకుడు కాకముందు, కుర్రతనంలో, అమెరికాలో భూముల సర్వే పని నేర్చుకున్నాడు. గొలుసు పట్టి నేల కొలవడం, మట్టి పని లెక్క కట్టడం ఆయనకు చేతనవును. తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగపల్లెల్లో సువార్త పాకిన కథ ఇక్కడి సంఘాలన్నిటికీ తెలుసు. నేను చెప్పాలనుకున్నది దాని తర్వాతి కరువు సంగతి.

1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని మాడ్చిన కరువది. చనిపోయినవాళ్లు యాభై లక్షలకు పైనే అని అంచనా. ఇంగ్లీషు దొరతనం సహాయ పనులు పెట్టింది గానీ ఖర్చు తగ్గించే పని రిచర్డ్ టెంపుల్ అనే అధికారికి అప్పగించింది. ఆయన మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. ఎండలో మట్టి మోసే మనిషికి అది చాలదని అప్పుడే వైద్యులు మొత్తుకున్నారు. ఆ రోజుల్లోనే మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టిన కాలువను తీరం వెంబడి తవ్వించారు. ఆకలితో ఊళ్లు ఖాళీ చేసి వచ్చిన జనం ఒంగోలు మిషన్ కాంపౌండు చుట్టూ మూగారు. సర్కారు క్యాంపుల్లో అంటరానివాళ్లకు ఎలాంటి మర్యాద జరుగుతుందో క్లవ్‌కు తెలుసు.

అప్పుడాయన కరువు నిధికి చందాలు పోగుచేయడంతో ఊరుకోలేదు. కాలువలో మూడు నాలుగు మైళ్ల పనికి తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. పాత సర్వేయరు చదువు అక్కడ పనికొచ్చింది. తన బోధకుల్ని మేస్త్రీలుగా పెట్టాడు. మగవాళ్లు పలుగూ పారా పట్టారు, ఆడవాళ్లు తట్టలు మోశారు. తమ పల్లెల పేర్లు, తమ భాష, తమ కష్టం తెలిసిన మనుషులే పని చూసి కూలి లెక్క కట్టారు. కులం పేరు పెట్టి కసిరే గుమాస్తా అక్కడ లేడు. ఆ జనానికి కూలితోపాటు దొరికిన గౌరవం అదే. ఇతర కులాలవాళ్లూ ఆ క్యాంపుకు వచ్చి పనిచేశారు. కరువుకు కులం లేదు కదా.

క్లవ్ చేసిన ఇంకో పనిని నేను అంతకంటే గొప్పదిగా ఎంచుతాను. కరువు పని నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. జనం వచ్చి అడిగారు, బోధకులు అడిగారు, ఆయన ఒప్పుకోలేదు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారనే నింద వాళ్ల మీద పడకూడదు, అన్నం చూపించి మతం ఇచ్చాడనే పాపం తన మీదా పడకూడదు. సహాయ పనులు ముగిశాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన గుళ్లలో, వార్షికోత్సవాల్లో ఆ 2,222 అంకె మారుమోగుతుంది. దానికి ముందు నెలల తరబడి మట్టి మోసిన సంగతీ, బాప్తిస్మం ఆపిన సంగతీ అంత గట్టిగా వినిపించవు. నాకు మాత్రం ఆ అంకెకు విలువ తెచ్చింది ఆ ఆగడమే. ఎదురుగా ఉన్నవాడు ఆకలి తీరి, తన ఇష్టం తాను చెప్పగలిగేదాకా ఆగగలిగితేనే మేలు మేలుగా మిగులుతుంది. ఈ మధ్య మేలుకూ మతానికీ ముడిపెట్టి మన మీద వచ్చే అనుమానాలకు కోపగించుకునేముందు ఆ క్రమశిక్షణను మనం ఎంతవరకు నిలబెట్టుకున్నామో చూసుకోవాలి.

క్లవ్ 1910లో పోయాక ఆయన ఆత్మకథను భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లవ్ 1914లో అచ్చు వేయించింది. న్యూయార్కు పేదపేటలో పాస్టరుగా పనిచేసి, సువార్తకు సామాజిక బాధ్యత ఉందని అమెరికా సంఘాలకు చెప్పిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమెకు తోడబుట్టినవాడు. ఆ పెద్ద ఆలోచనకూ మన గుండ్లకమ్మ ఒడ్డుకూ ఒకే ఇంటి చుట్టరికం ఉందన్నమాట.

పని తెలిసి మేలు చేయడానికి తెలంగాణలోని డిచ్‌పల్లి ఇంకో ఉదాహరణ. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ అక్కడ 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి నిలబెట్టింది. చెట్టు గింజల నూనెను ఇంజక్షన్లుగా ఎక్కించే కొత్త వైద్యం నేర్చుకుని మరీ చేసింది. రోగిని చూసి ముఖం తిప్పుకోని మంచితనంతో సరిపెట్టుకోకుండా సూది పట్టింది. ఆ ఆసుపత్రికి పెద్ద విరాళమిచ్చిన రాజా నర్సా గౌడ్ హిందువు. సమరయుడు మన గుడికి రానివాడై ఉండడం కథలోనే కాదు, డిచ్‌పల్లిలోనూ జరిగింది. మేలు క్రైస్తవుల సొంత ఆస్తి కాదు. క్రైస్తవుడినని చెప్పుకునేవాడికి మాత్రం దాన్ని తప్పించుకునే వీలు లేదు.

మా సంఘంలో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు ఉంది. అందరం సిస్టరమ్మ అంటాం. ఆమెకు వేదిక మీద ప్రార్థన చేయడం పెద్దగా రాదు, రెండు వాక్యాలకే గొంతు పూడుకుపోతుంది. వారంలో కొన్ని రోజులు సర్కారు ఆసుపత్రికి వెళ్లి, పల్లెల నుంచి వచ్చి వరండాలో దిక్కులు చూసేవాళ్లను పలకరిస్తుంది. ఓపీ చీటీ ఎక్కడ రాస్తారు, రక్తపరీక్ష రిపోర్టు ఎన్నింటికిస్తారు, ఏ కాగితం పట్టుకుని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లాలి, బ్లడ్ బ్యాంకులో ఎవరిని అడగాలి, అన్నీ ఆమెకు నోటికొచ్చు. చదువురాని ముసలాయన మూడు కౌంటర్లు తిరిగి విసిగి ఇంటికెళ్లిపోతే ఆ చావు ఏ లెక్కలోకీ రాదు. ఆయన వెనక్కి వెళ్లకుండా ఆపడమే ఆమె పని. "అలసిపోవడంలేదా అమ్మా?" అని ఒకసారి అడిగాను. "ప్రార్థన చేసి వదిలేస్తే ఎట్టా నాయనా, ముందు చీటీ రాయించాలి గదా. ప్రార్థన లైన్లో నిలబడి చేసుకోవచ్చు" అంది. యాకోబు పత్రిక మీద నేను విన్న ప్రసంగాలన్నిటిలో నాకు బాగా అర్థమైనది అది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణముంది. కాలువ తవ్విన ఆ కూలీల మునిమనవలు ఇవాళ టీచర్లు, ఇంజినీర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు. మాలో చాలామందికి పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. తీర్పు దృశ్యంలోని ఆరు రకాల మనుషుల్లో మా సంఘం ఖర్చు పుస్తకంలో ఆకలికి పద్దుంది, క్రిస్మస్‌కు బట్టల పద్దుంది, రోగులకు పద్దుంది. పరదేశికి లేదు. ఒంగోలుకు దగ్గర్లోనే చీమకుర్తి ఉంది. అక్కడి నల్లరాయి ప్రపంచమంతా వెళ్తుంది. ఆ క్వారీల్లో, పలకలు కోసే ఫ్యాక్టరీల్లో ఒడిశా, బీహార్ లాంటి చోట్ల నుంచి వచ్చిన కూలీలున్నారు. తెలుగు రాదు. రాతిదుమ్ము పీల్చి దగ్గు మొదలైతే ఏ డాక్టరుకు ఎలా చెప్పుకోవాలో తెలియదు. వెంట వచ్చిన పిల్లల్ని ఏ బడిలో వేయాలో తెలియదు. ఇక్కడి చౌకడిపోలో బియ్యం తీసుకోవచ్చని కొందరికి తెలియదు, తెలిసినా అడిగే ధైర్యముండదు. వాళ్లను మాలో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరం వాళ్ల జోలికి పోలేదు.

సంఘ పెద్దల ముందు ఈ సంగతి పెట్టినప్పుడు ఒకాయన వెంటనే కరపత్రాలు ఏ భాషలో వేయిద్దామని అడిగాడు. ఆయన మంచి మనసుతోనే అడిగాడు. పాస్టరు గారు క్లవ్ దొర బాప్తిస్మాలు ఆపిన సంగతి గుర్తుచేశారు. కరపత్రాల మాట పక్కనపెట్టాం. సిస్టరమ్మ దగ్గు ఉన్నవాళ్లను పరీక్షలకు తీసుకెళ్తానంది, వారానికి ఒక పూట వ్యాను కావాలంది. బడి సంగతి చూడడానికి ఇద్దరు రిటైర్డ్ హెడ్‌మాస్టర్లు ఒప్పుకున్నారు. ఒడియా వచ్చినవాళ్లు మాలో ఎవరూ లేరు. హిందీ గట్టిగా మాట్లాడేవాళ్లు కనీసం ఇద్దరు కావాలి. రైల్వేలో పనిచేసి ఉత్తరాదిలో ఉండి వచ్చినవాళ్లు సంఘంలో ఉన్నారు, వాళ్లనింకా అడగలేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అడుగుతాం.